వేగంగా చదవడం నేర్చుకోవాలా, నిదానంగా చదివితే నష్టమా?

మీరు రాసిన ప్రశ్న సారాంశం ఇది. 280 పేజీల నవల పూర్తి చెయ్యడానికి మీకు నెల పట్టింది. ఏడాదికి వంద పుస్తకాలు చదివామని పోస్టులు పెట్టేవాళ్ళను చూస్తే దిగులుగా ఉంది. మరోపక్క గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు, సిలబస్ తెమలడం లేదు, చదివింది నిలవడం లేదు. అందుకని నిమిషానికి వెయ్యి పదాలు చదివిస్తామంటున్న ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అని అడుగుతున్నారు.

కట్టకండి. నవలను నిదానంగా చదవడం లోపం కాదు, ఆ అలవాటును అలాగే ఉంచుకోండి. మార్చుకోవలసింది ఒక్కటే. మీరు పరీక్ష పుస్తకాన్ని కూడా నవల లాగే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే నడకలో చదువుతున్నారు. దానికి వేరే పద్ధతి ఉంది. పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు.

నేను గ్రంథాలయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్ళు, రోజంతా గైడ్లూ నీళ్ళ సీసాలూ ముందు పెట్టుకుని కూర్చునే పోటీ పరీక్షల పిల్లలు, సాయంత్రం కౌంటర్ దగ్గర నవలల కోసం ఆగేవాళ్ళు, వీళ్ళందరి మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఒకరికి పనికొచ్చిన వేగం ఇంకొకరికి పనికిరాదని అక్కడే తెలిసింది. అంతేకాదు, ఒకే మనిషికి పొద్దున పనికొచ్చిన వేగం సాయంత్రం పనికిరాదు.

ముందు మీ లెక్కే చూద్దాం. మామూలు సైజు నవల పేజీ ఒకటి హాయిగా చదువుకుంటే రెండు నిమిషాలు అనుకుందాం. 280 పేజీలకు 560 నిమిషాలు, అంటే తొమ్మిది గంటల చిల్లర. దాన్ని ముప్ఫై రోజులకు పంచితే రోజుకు 19 నిమిషాలు కూడా రావు. అంటే మీరు నెమ్మదిగా చదవడం లేదు, తక్కువసేపు చదువుతున్నారు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. రాత్రి ఫోన్ పక్కన పెట్టి ఇంకో పావుగంట కలిపితే అదే నవల పదహారు, పదిహేడు రోజుల్లో అయిపోతుంది, ఒక్క వాక్యం కూడా గబగబా చదవనక్కర్లేకుండా.

ఇప్పుడు ఆ కోర్సు వాళ్ళ లెక్క. పేజీకి సుమారు 180 మాటలుంటే, నిమిషానికి వెయ్యి చొప్పున ఒక పేజీకి 11 సెకన్లు. ఎవరైనా తెలుగు నవల తీసుకుని, గడియారం చూసుకుంటూ ఒక పేజీ 11 సెకన్లలో చదివి, ఆ పేజీలో ఎవరు ఎవరితో ఏమన్నారో చెప్పమనండి. పేర్లు దొరుకుతాయి, సంగతి దొరకదు.

ఎందుకు దొరకదో కూడా చెప్తాను, ఎందుకంటే ఈ కోర్సులన్నీ కంటి గురించే మాట్లాడతాయి. చదివేటప్పుడు కన్ను సాఫీగా జారిపోదు. ఒకచోట ఇంచుమించు పావు సెకను ఆగుతుంది, ఎగిరి ముందుకు వాలుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఆగినప్పుడే అక్షరాలు అందుతాయి. ఆ చూపు నడిమధ్యన ఉన్న కొద్ది అక్షరాలే స్పష్టంగా కనబడతాయి. పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో లాగేసుకోవడం కంటి నిర్మాణంలోనే లేదు. మధ్యమధ్యలో కన్ను వెనక్కి కూడా వెళ్తుంది, పదిసార్లు కదిలితే ఒకసారైనా. దీన్ని చెడ్డ అలవాటని చెప్పి మాన్పిస్తామంటారు. 2014లో ఒక పరిశోధనలో, వెనక్కి వెళ్ళి చూసుకునే వీలు లేకుండా వాక్యాలు చదివించి చూశారు. అర్థం చేసుకోవడం తగ్గింది. అంటే కన్ను వెనక్కి వెళ్ళేది బద్ధకంతో కాదు, తప్పుగా పట్టుకున్నదాన్ని సరిచూసుకోవడానికి.

ఈ వ్యాపారం కొత్తది కూడా కాదు. అమెరికాలో ఎవెలిన్ వుడ్ అనే ఆమె 1959లోనే ఇలాంటి శిక్షణ మొదలుపెట్టి ఎంతో పేరు తెచ్చుకున్నారు. చదవడం మీద జీవితమంతా పరిశోధన చేసిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ఆనాటి నుంచి వచ్చిన అధ్యయనాలన్నీ ముందు పెట్టుకుని తేల్చింది ఒకటే. వేగం పెరిగే కొద్దీ అర్థం తగ్గుతుంది. రెండూ కలిపి ఇచ్చే ఉపాయం లేదు. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 190 అధ్యయనాలను కలిపి చూస్తే, ఇంగ్లీషులో కథేతర రచనలు మనసులో చదువుకునే పెద్దవాళ్ళ సగటు నిమిషానికి 238 పదాలని తేలింది. కథలూ నవలలూ అయితే 260. పైకి చదివితే 183. వెయ్యికీ 238కీ ఎంత దూరమో చూడండి.

ఇంకో సంగతి, ఆ 238ని మీరు తెలుగుకు పెట్టుకుని బాధపడకండి. "చూడలేకపోయాననుకుంటున్నాను" మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో అది ఒక చిన్న వాక్యం. తెలుగులో నిమిషానికి ఎన్ని మాటలు అన్న అంకె ఎప్పుడూ చిన్నదిగానే కనబడుతుంది. ఇంగ్లీషు యాప్‌లో కొలుచుకుని తెలుగులో నాకు వేగం లేదని అనుకోవడం లెక్క తెలియకపోవడమే.

మరి కొందరు నిజంగానే త్వరగా చదువుతారు కదా అంటారు. చదువుతారు. ఆ వేగం కంటిలో లేదు, ముందే తెలిసిన విషయంలో ఉంది. రేపు పొద్దున్న పేపర్ తెరిచి మిమ్మల్ని మీరే గమనించండి. క్రికెట్ వార్త అర నిమిషంలో అయిపోతుంది. ఎవరు ఎవరో, పవర్‌ప్లే అంటే ఏమిటో, ఆ జట్టు నిన్నటి దాకా ఎక్కడుందో మీకు తెలుసు, కొత్తది స్కోరు ఒక్కటే. బిజినెస్ పేజీలో రెపో రేటు వార్త దగ్గరికి వచ్చేసరికి అవే కళ్ళు మూడో వాక్యంలో ఆగిపోతాయి. బ్యాంకులో పనిచేసినాయన రెపో రేటు వార్తను ఒక్క చూపులో ముగించి క్రికెట్ దగ్గర తడుముకుంటాడు. కాబట్టి వేగం కావాలంటే ఆ విషయంలో ఇంకో పుస్తకం చదవాలి, ఆ తర్వాత ఇంకొకటి. ఇందులో మూడో పుస్తకం దానంతటదే త్వరగా నడుస్తుంది. మీ పరీక్షకు ఇదే కీలకం.

రీడింగ్ రూమ్‌లో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఒకటుంది. పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలనా వ్యవస్థల పుస్తకం తెరుస్తారు, చేతిలో పసుపు రంగు హైలైటర్. మొదటి అధ్యాయం అయ్యేసరికి పేజీ అంతా పసుపే. అన్నీ ముఖ్యమైతే ఏదీ ముఖ్యం కానట్టే. మూడో అధ్యాయానికి మొదటిది మర్చిపోతారు, మళ్ళీ మొదటికి వస్తారు. అలా మొదటి మూడు అధ్యాయాలే నలిగిపోయి, మిగతా పుస్తకం కొత్తగా ఉన్న కాపీలు మా దగ్గర బోలెడు.

నా దగ్గరికి వచ్చినవాళ్ళకు నేను చెప్పింది ఇదీ. ముందు పాత ప్రశ్నపత్రాలు చదవండి, జవాబులు రాకపోయినా సరే. ఏ అధ్యాయం నుంచి ఎలాంటి ప్రశ్న వస్తుందో తెలిశాక పుస్తకం తెరవండి. మొదటిసారి పెన్ను లేకుండా, శీర్షికలు, పట్టికలు, అధ్యాయం చివరి ప్రశ్నలు చూస్తూ గబగబా తిరగేయండి. అర్థం కాకపోయినా ఆగకండి. ఇక్కడ వేగం మంచిదే, ఎందుకంటే ఏది ఎక్కడుందో తెలుసుకోవడమే పని. రెండోసారి మాత్రం చిక్కు ఉన్నచోట ఆగాలి, తేలికగా ఉన్నచోట ఆగకూడదు.

ఉదాహరణకు 1773 రెగ్యులేటింగ్ చట్టం, 1784 పిట్స్ ఇండియా చట్టం, 1813, 1833, 1853 చార్టర్ చట్టాలు. ఇది వరుస. ఒకదాని తర్వాత ఇంకొకటి ఎందుకొచ్చిందో కథలా తెలిస్తే చాలు, రెండోసారి చకచకా వెళ్ళిపోవచ్చు. కానీ రాజ్యాంగ సవరణ గురించిన 368వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి నడక మార్చాలి. అక్కడ ఒకే వాక్యంలో రెండు షరతులున్నాయి. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతు ఉండాలి, అదే సమయంలో హాజరై ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. గబగబా చదివినవాళ్ళకు "మూడింట రెండు వంతులు" ఒక్కటే గుర్తుంటుంది. ప్రశ్న తయారు చేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు, ఆ మొదటి షరతు మీదే గురి పెడతారు. ఇలాంటి వాక్యం ఒక్కటి పది నిమిషాలు తీసుకున్నా నష్టం లేదు. పైకి చదవండి, 543 మంది ఉన్న సభ అనుకుని అంకెలు వేసి చూడండి. 272 ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద కనబడితే ఇక మర్చిపోరు.

పరీక్ష హాల్లో ఇంకో మెలిక ఉంది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 నిమిషాలకు 150 ప్రశ్నలు, అంటే నిమిషానికొకటి. సివిల్స్ ప్రిలిమ్స్ మొదటి పేపర్‌లో రెండు గంటలకు 100, పైగా తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఇక్కడ వేగం కావాలి కదా అంటారు. కావాలి, అయితే ప్రశ్న చదవడంలో కాదు, జవాబు గుర్తుకు తెచ్చుకోవడంలో. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరన ఉంటుంది, కాదన్న మాట కూడా ఆ చివరి అక్షరాల్లోనే దాక్కుంటుంది. "సరైనది" "సరికానిది", "ఉన్నవి" "లేనివి". జవాబు తెలిసి కూడా ఇక్కడ మార్కు పోగొట్టుకుని వచ్చి నా ఎదుట తల పట్టుకున్న పిల్లలను చూశాను. ప్రశ్న చివరి మాట కింద పెన్నుతో గీత గీయండి, ఆ తర్వాతే ఆప్షన్లు చూడండి. రెండు సెకన్ల పని.

నవలల దగ్గరికి వస్తాను. నాకు చదవడమంటే అసలు ఇదే.

నిదానంగా చదవడం అంటే కళ్ళను బలవంతంగా ఆపుకోవడం కాదు. వాక్యం ఎలా కట్టారో కనబడేంత సేపు దాని దగ్గర ఉండటం. మనందరికీ స్కూల్లో నోటికి వచ్చిన పద్యం ఒకటి తీసుకోండి, పోతన భాగవతంలో గజేంద్రమోక్షం, విష్ణువు బయల్దేరే పద్యం, "సిరికిం జెప్పడు". గబగబా చదివితే "దేవుడు తొందరగా బయల్దేరాడు" అని తెలుస్తుంది, అంతే. నెమ్మదిగా క్రియలు మాత్రం ఏరుకుంటూ వెళ్ళండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరూ కాదనే క్రియలే. భార్యకు చెప్పలేదు, ఆయుధాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, చెదిరిన జుట్టు సర్దుకోలేదు, చేతిలో ఉన్న ఆమె పైటకొంగు కూడా వదల్లేదు. ఆ పద్యంలో "పరిగెత్తాడు" అన్న మాటే లేదు. పరుగంతా చేయని పనుల్లో ఉంది. ఎందుకా కంగారు అన్నది పద్యం చిట్టచివర, ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో అని వస్తుంది. కంఠతా వచ్చినా ఈ సంగతి గమనించనివాళ్ళు చాలామంది ఉంటారు. నోటికి రావడం వేరు, చదవడం వేరు.

మన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. తాటాకు పుస్తకాల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఎక్కడ విరవాలో తెలుసుకుంటూ పైకి చదవాల్సిందే. పురాణ కాలక్షేపంలో ఒక్క పద్యం మీద అరగంట గడిచేది, విన్నవాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. వారపత్రికల సీరియళ్ళ కాలంలోనూ అంతే. వారానికి నాలుగైదు పేజీలే. తర్వాత ఏమవుతుందోనని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వారమంతా మాట్లాడుకునేవాళ్ళు, ఆ పేజీలు చింపి బైండు చేయించుకునేవాళ్ళు. ఆ బైండు పుస్తకాలు కొన్ని మా లైబ్రరీకి కూడా వచ్చాయి. అంచుల్లో పెన్సిల్‌తో "ఈమె అబద్ధం చెబుతోంది" లాంటి రాతలు ఉండేవి. వారం రోజుల విరామం దొరికితేనే పాత్ర మీద అలాంటి అనుమానం పుడుతుంది.

మా దగ్గర నెలకోసారి కథ చదివి వినిపించే కార్యక్రమం ఉండేది. మనసులో చదువుకుంటే పావుగంటలో అయ్యే కథ అక్కడ గంట పట్టేది. ఒకసారి చదివిన కథలో తల్లి ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది, పెద్ద గొడవ జరుగుతుంది, కొడుకు వెళ్ళిపోతాడు. అందరూ కొడుకు గురించే మాట్లాడుతున్నారు. వెనక వరుసలో కూర్చున్న ఒకావిడ, "ఆమె తిన్నట్టు కథలో ఎక్కడా లేదండీ" అన్నారు. వెతికాం. నిజంగానే లేదు. ఆ కథను అప్పటికే నాలాగా రెండు మూడుసార్లు చదివినవాళ్ళున్నారక్కడ. రచయిత రాయకుండా వదిలిన దాన్ని పట్టుకోవాలంటే చెవితో వినేంత నిదానం కావాలి.

అందుకే, మనసులో మాట పలకడం మానేయండి, వేగం పెరుగుతుంది అనే సలహాను కథలూ నవలల విషయంలో అస్సలు పాటించకండి. లోపల ఆ గొంతు వినబడకపోతే మాండలికం చచ్చిపోతుంది. చిత్తూరు వైపు మాటల్లోనో, శ్రీకాకుళం వైపు మాటల్లోనో, కరీంనగర్ వైపు మాటల్లోనో రాసిన కథల పుస్తకాన్ని "అర్థం కావట్లేదు సార్" అని వెనక్కిచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు. తలుపు వేసుకుని రెండు పేజీలు పైకి చదవండి, ఆ తర్వాత కూడా రాకపోతే ఇవ్వండి అనేవాణ్ణి. చాలామంది మళ్ళీ గడువు పెంచుకోవడానికే వచ్చారు. కంటికి కొత్తగా కనబడిన మాటలు చెవికి ఎప్పుడో బస్సులోనో సంతలోనో విన్నవే.

అన్ని పుస్తకాలూ ఇంత ఓపికకు తగినవా అంటే కావు. డిటెక్టివ్ నవలను ఊపిరి సలపకుండా చదవాలి, దాన్ని రాసిందే అందుకు. ఒకే సలహాను మూడు వందల పేజీలకు సాగదీసిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు విషయసూచిక, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చాలు, మధ్యలో మీకు పనికొచ్చే చోట ఆగండి. నవల అయినా యాభై పేజీల తర్వాత కూడా మనసు పట్టకపోతే పక్కన పెట్టేయండి, అపరాధం ఏమీ లేదు. మంచి నవలలో కూడా మీకు నచ్చని పది పేజీల వర్ణనను పైపైన చూసి, తర్వాత వచ్చే సంభాషణ దగ్గర ఆగవచ్చు. ఏడాదికి వంద చదివినవాళ్ళలో చాలామంది చేసేది ఇదే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఆ అంకెతో పోటీ మాత్రం మీకు అనవసరం.

ఒక జాగ్రత్త. నిదానం వేరు, పరధ్యానం వేరు. ఒకే పేరా మూడుసార్లు చదివి కూడా ఏమీ తెలియకపోతే అది మనసు పెట్టి చదవడం కాదు. పుస్తకం మూసి ఐదు నిమిషాలు నడిచి రండి, లేదా ఆ రోజుకి ఆపండి. నిజానికి అలాంటప్పుడు కొంచెం వేగం పెంచితే మనసు నిలబడుతుంది కూడా, వేలు వాక్యం కింద పెట్టుకుని నడిపించినా మంచిదే. ఇక నలభై దాటినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఈమధ్యే చదవడం నెమ్మదించి, పుస్తకం చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటుంటే అది చత్వారం. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అద్దాలు వచ్చాక మళ్ళీ నవలల దగ్గరికి వచ్చిన పాఠకులు మాకు ఎందరో. చిన్నపిల్లలు అక్షరాలు కలగాపులగంగా చదువుతూ బాగా వెనకబడితే తిట్టకండి, కొట్టకండి, అది డిస్లెక్సియా అవునో కాదో నిపుణులకు చూపించండి.

మీరు అడగలేదు కానీ, జీవితంలో అన్నిటికంటే నెమ్మదిగా చదవాల్సినవి సాహిత్యం కాదు, సంతకం పెట్టే కాగితాలు. క్రయ దస్తావేజులో నాలుగు హద్దుల్నీ వేలు పెట్టి చదవాలి, తూర్పున ఎవరు, పడమర ఎవరు, సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా. ఇన్సూరెన్స్ పాలసీలో మొదట చదవాల్సింది మినహాయింపుల పేజీ.

ఇక చదివింది నిలవడం లేదన్నారు కదా. అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి, ఏం జరిగిందో రెండు మూడు వాక్యాల్లో పైకి చెప్పుకోండి, ఇంట్లో వినేవాళ్ళుంటే వాళ్ళకు. తడబడిన చోటు దగ్గరికే మళ్ళీ వెళ్ళండి, మొత్తం అధ్యాయం అక్కర్లేదు. పరీక్ష పుస్తకమైతే మర్నాడొకసారి, వారానికొకసారి ఇదే పని, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవాలి. ఊరికే తిరిగి చదివితే తెలిసినట్టు అనిపిస్తుంది, హాల్లో రాదు. నవలలో పాత్రలు ఎక్కువైతే ఒక చీటీ మీద పేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో రాసి, అదే చీటీని పేజీ గుర్తుకు వాడుకోండి. రోజుకు 19 నిమిషాలే చదివేవారికి మర్నాడు ఎక్కడ ఆపామో అందుకోవడానికే ఐదు నిమిషాలు పోతాయి. ఆ చీటీ ఉంటే అవి మిగులుతాయి.